దారం చూపిన గాలి

పొద్దుటి నుంచి సింధూజ దారాలు అంటిస్తూనే ఉంది. చిట్యాల దాటాక హైవే దిగి, కంకర మిషన్ల దుమ్ములోంచి కాస్త లోపలికి పోతే వచ్చే రేకుల షెడ్డు అది. షెడ్డు నడుమ ఇనుప స్టాండుకు ఒక నల్లటి గొట్టం బిగించి ఉంది. మనిషంత పొడుగు. ఒక కొసన గుండ్రంగా మొదలై, రెండో కొసకు చేరేసరికి ముందు మొద్దుగా, వెనుక సన్నగా, కొర్రమీను ఒంటిలా మారిపోతుంది. దాని నిండా వరుసలు వరుసలుగా తెల్ల నూలు పోగులు. ఒక్కోదానికి ఒక కొస టేపు కింద, ఇంకో కొస వదులుగా.

"అయిందా చెల్లె? గీ దారాలు ముగ్గేసినట్టే ఏస్తున్నవు గద!" అన్నాడు పరమేశ్వర్.

"వంకర పెడితే మీరే మళ్ల పీకమంటరు గదన్నా."

పరమేశ్వర్‌ది ఆలేరు. వాళ్లదీ నేత ఇల్లే గానీ తాతల నాడే మగ్గం దిగారు. ఇంజనీరింగు చదివి, ఈ షెడ్డులో గొట్టాల ఆకారం గీసే పని చేస్తున్నాడు. విమానం ఇక్కడ తయారు కాదు. రన్‌వే అక్కర లేకుండా కరెంటు మోటర్లతో ఉన్న చోటనే నిటారుగా లేచే విమానం అది. ఎక్కడో బెంగుళూరు అవతల తయారవుతోందట. దాని మోటర్లను మోసే చేతులు మాత్రం ఇక్కడివి. చేతి కొసన మోటరు, మోటరు మీద పంకా.

పనిలో చేరిన కొత్తలో సింధూజ అడిగింది, గొట్టం అంతా ఒక్క తీరుగా ఎందుకుండదని. పరమేశ్వర్ అరచేతిని గాలిలో ఆడించి చూపించాడు. "లేచేటప్పుడు పంకా గాలి మీదికెల్లి కొడ్తది చెల్లె. ముందుకు పోయేటప్పుడు ఎదురుంగ కొడ్తది. రెండు గాలులకు గీ ఒక్క చెయ్యే ఓర్వాలె. మోటరు కాడ గుండ్రం, రెక్క కాడ చేప. గందుకే నాకు నిద్ర పడ్తలేదు."

కష్టం ఆకారంతో తీరలేదు. మిల్లు నుంచి వచ్చే నల్లటి కార్బన్ గుడ్డను అచ్చు చుట్టూ చుట్టి, కొస మీద కొస వేసి జిగురుతో అతికించాలి. ఆ అతుకు దగ్గర ఇంత మందాన గట్టు లేస్తుంది. గాలి ఆ గట్టుకు తట్టుకుని, గొట్టాన్ని వదిలేసి, వెనుక సుడులు తిరుగుతుంది. సుడి తిరిగితే చెయ్యి వణుకుతుంది. వణికిన చెయ్యి ఏదో ఒకనాడు విరుగుతుంది.

"అతుకు లేని గుడ్డ యాడ దొరుకుతది?" అని పరమేశ్వర్ ఒకనాడు తల పట్టుకుంటే, అన్నం డబ్బా కడుగుతున్న సింధూజ నోరు ఊరుకోలేదు.

"మా మామ దిండు గలేబులు కుట్టు లేకుంట నేస్తడు. కింద ఒక పొర, మీద ఒక పొర, పోగు మోసే నాడె తిరిగొచ్చుడుతోటి రెండు అంచులు కలిసిపోతయి. గొట్టమే గదన్నా అది."

ఆ ఒక్క మాటతో నల్లటి పోగు వాళ్ల ఇంటికి నడిచొచ్చింది.

ఇవాళ పరీక్ష పెడుతున్నది మామ నేసిన మొదటి గొట్టానికి. ఇది గాలి పోకడ చూడటానికే, ఒక్క పొర; మోటరును మోయాలంటే పొర మీద పొర నెయ్యాలి. పరమేశ్వర్ పెద్ద పంకా వేశాడు. షెడ్డు రేకులు దడదడలాడాయి. తెల్ల దారాలన్నీ ఒక్క పెట్టున లేచి, మరుక్షణం నల్లటి ఒంటికి అంటుకుని పడుకున్నాయి. దువ్విన జుట్టులా ఉన్నాయి. ఒక్కటి కూడా తిరగలేదు, ఒక్కటి కూడా ఎగరలేదు.

"మీ మామ చేతులకు మొక్కాలె చెల్లె!" అని పంకా హోరులో అరిచాడు పరమేశ్వర్. "గాలికి యాడ అడ్డం తగుల్తలేదు. చూడు, ఎట్ల పండుకున్నయో!"

సింధూజ నవ్వబోయింది. చేతిలో ఫోను అదిరింది. అవతల అత్త లక్ష్మీనర్సమ్మ.

"పొల్ల మళ్ల దగ్గుతాంది. ఊపిరి తీస్తే ఈల ఏసినట్టు వస్తాంది. జల్ది రా."

*

ఇల్లు ఒకటే పొడుగాటి గది. అందులో సగం గుంట మగ్గానిది. నేలలో తవ్విన గుంటలో కాళ్లు పెట్టుకుని, నేల మీద కూర్చుని నేసే మగ్గం. సింధూజ మామ మార్కండేయ వాళ్ల తాత తవ్వుకున్న గుంట అది. మిగిలిన సగంలో పొయ్యి, బియ్యం డబ్బా, అత్త రాట్నం, దూలానికి వేలాడే తొట్టె. తొట్టెలో మోక్షిత.

మోక్షిత తండ్రిని చూడలేదు. శ్రవణ్‌కుమార్ కరోనా రెండోసారి వచ్చినప్పుడు పోయాడు, పిల్ల కడుపులో ఉండగా. ఆక్సిజన్ పెట్టినా ఊపిరి అందలేదు. చివరిసారి వీడియో కాలులో అతను ఏమీ మాట్లాడలేదు. నోరు తెరిచి గాలి తాగడానికి చూశాడు, అంతే. అప్పటి నుంచి సింధూజ ఇంట్లో ఎవరు గట్టిగా శ్వాస తీసినా పని ఆపి చెవి పెట్టేది. పిల్ల నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకునేది. అత్త తిట్టేది.

"అట్ల చూడకే! చూసి చూసి లేని రోగం తెస్తవు."

మగ్గం మీద ఇప్పుడు రంగురంగుల పోగు లేదు. నల్లటి పోగు. పట్టుకంటే నున్నన, వెంట్రుక కంటే పెళుసు. నేతను బిగించే పన్నెను ముందుకు కొట్టిన ప్రతిసారీ సన్నటి నూగు తెగి లేస్తుంది. తలుపులోంచి పడే ఎండలో అది మెరుస్తూ తేలుతుంది. కరెంటు పారే ఆ నూగు స్విచ్చుబోర్డులోకి దూరి చిటచిటమని నిప్పురవ్వలు లేపింది, ఫ్యాను కాలిపోయింది. అత్త మెడ మీద దద్దుర్లు తేలాయి. మామ చేతులు గోక్కుని గోక్కుని ఎర్రబడ్డాయి. అయినా ఆ ముసలాయన ముఖంలో కొడుకు పోయాక కనబడని ఒక వెలుగు కనిపిస్తోంది. చీరలు అడిగేవాళ్లు లేక ఆ మగ్గం ముసుగేసుకుని పడి ఉండింది మరి.

"విమానానికి నేస్తున్ననే," అని పక్కింటి వాళ్లకు చెప్పుకునేవాడు మార్కండేయ.

"నువ్వు నేసినంక అది లేస్తదా, పంట చేన్ల పడ్తదా?" అని వాళ్లు ఆటపట్టించేవాళ్లు.

"పడితే నీ చేన్లనే పడాలె. నష్టపరిహారమొస్తే రోడ్డు మీద రెండు మడిగెలు కట్టుకుంటవు."

సింధూజ వచ్చేసరికి పిల్ల తొట్టెలో కూర్చుని కళ్లు తేలేసి దగ్గుతోంది. ఎత్తుకుని ఆటోలో చిట్యాల దవాఖానకు పరుగెత్తింది. డాక్టరమ్మ స్టెతస్కోపు పెట్టి వీపంతా విన్నది.

"ఇంట్ల దుమ్మేమన్న ఉన్నదా?"

"మగ్గం ఉన్నది మేడం."

"మగ్గం కాడ పిల్లను ఉంచకుండ్రి." మందు పీల్చే చిన్న పరికరం రాసిచ్చింది. "గిట్లనే పీల్చుకుంట పోతే ముందు ముందు ఇబ్బంది అయితది."

ఎంత ఇబ్బంది, ఎన్నాళ్ల ఇబ్బంది అని అడగడానికి సింధూజకు నోరు రాలేదు. ఇంటర్ మొదటి ఏడు సగంలో పెళ్లయిన పిల్ల. అడిగే మాట ఎక్కడ తప్పు పోతుందోనని ఆమెకు ఎప్పుడూ భయమే.

పిల్లను ఉంచడానికి వేరే జాగా ఏది? తను షెడ్డుకు పోతే అత్తే చూడాలి. అత్త రాట్నం మీద కండెలకు పోగు చుట్టేది మగ్గం పక్కనే. అరుగు మీదికి తొట్టె మార్చింది. నూగు అరుగు మీదికీ వచ్చింది. అంగన్‌వాడీలో వదిలి వచ్చినా మధ్యాహ్నానికి అత్త చంకనెక్కేది. అత్త చీరంతా ఆ నల్లటి నూగే. మూతికి గుడ్డ కడితే పిల్ల పీకి పారేసేది.

ఒక ఆదివారం పగలు, షెడ్డు నుంచి మిగిలిన దారం ముక్కలు తెచ్చి సింధూజ తొట్టె తాళ్లకు అంటించింది. దూలానికి అంటించింది. మగ్గం గుంజలకు, తలుపు చౌకట్టుకు అంటించింది.

"ఏందే గీ తోరణాలు? ఎవల పెండ్లి?" అన్నది అత్త.

"జర ఆగు అత్తమ్మా. మామా, ఒకసారి నెయ్యి."

మార్కండేయ గుంటలోని తొక్కుడు పలక తొక్కి పన్నె కొట్టాడు. టక్. మగ్గం గుంజ మీది దారం తొట్టె వైపు చాచుకుంది. దూలం మీది దారం అటే వంగింది. తలుపు గాలి వెనుక నుంచి వచ్చి కలిసింది. టక్. టక్. కొట్టిన ప్రతిసారీ పన్నె ఒక విసనకర్రలా గాలిని తోస్తోంది. దారాలన్నీ వేళ్లు చూపించినట్టు ఒకే చోటికి చూపించాయి. తొట్టె తాళ్ల దారాలు మాత్రం గిర్రున తిరుగుతున్నాయి. అక్కడ గాలి ఆగి, సుడి తిరిగి, తెచ్చిందంతా దింపేస్తోంది.

షెడ్డులో అయితే ఇటువంటి చోటును పరమేశ్వర్ చాక్‌పీసుతో గుండ్రంగా గీస్తాడు.

దారాలు ఏం చూపించాయో సింధూజ ఎవరికీ విడమర్చలేదు. "నూగు లేవకుంట చెయ్యాలె" అన్నది, అంతే.

"నేను మొదటిదినమే చెప్పిన," అన్నది అత్త. "గంజి లేని పడుగు నా జన్మల చూడలె. మీ సారు చేతులకు తొడుగులు ఏసుకోమన్నడు, చెమట తగలొద్దన్నడు. గంజి పెట్టొద్దని అన్నడా?"

అనలేదు. నిజమే.

మరునాటి తెల్లారే అత్తాకోడళ్లు గంజి కాచారు. పల్చగా, ఇంత పల్లీనూనె చుక్క వేసి. వీధిలో పడుగు చాచి, ఆ ఇంటి ఆడవాళ్లు ఎప్పటి నుంచో పెట్టినట్టే, కుంచెతో పోగు పోగుకూ పెట్టారు. నల్లటి పడుగు ఎండలో తాచుపాములా నిగనిగలాడింది. మార్కండేయ చెయ్యి పెట్టి నిమిరి, "ఇప్పుడు నూలైంది గిది" అన్నాడు.

నూగు లేవలేదు. ఎండలో తేలే మెరుపులు పోయాయి. పిల్ల దగ్గు మెల్లమెల్లగా దిగింది. అత్త మెడ మీది దద్దుర్లు ఆరాయి. సింధూజ ఆటోలో కూర్చుని షెడ్డుకు పోతూ, చాన్నాళ్ల తర్వాత బయటి చేలను చూసింది. పత్తి కాయ పగిలి ఉంది.

*

ఆ గంజి గుడ్డతో చేసిన చేతికి అసలు పరీక్ష పెట్టారు. ఈసారి దారాలు కాదు. కొసన మోటరు బిగించి, పంకా పెట్టి, విమానం లేచినట్టు, ఆగినట్టు, ముందుకు పోయినట్టు తిప్పుతారు. అందరూ జాలీ వెనుక నిలబడ్డారు.

చూడటానికి మొదటి దానికంటే అందంగా ఉంది. నేత సమంగా, పోగు లేవకుండా.

పంకా వేగం పెంచారు. చెయ్యి నిలకడగా ఉంది. ఇంకా పెంచారు. ఎక్కడో పటుక్కుమన్నది. తర్వాత బట్ట చింపినట్టు చప్పుడు. చెయ్యి ఒంగి, పంకా రెక్క ఒకటి విరిగి పైకప్పు రేకును చీల్చుకుని పోయింది. షెడ్డులోకి ఆకాశం ఒక గీతలా పడింది.

ఎవరికీ ఏమీ కాలేదు. పరమేశ్వర్ విరిగిన ముక్కను ఒళ్లో పెట్టుకుని నేల మీద కూర్చున్నాడు. గోటితో పొర లేపాడు. ఉల్లిగడ్డ పొరలా ఊడి వచ్చింది. ఇంకో పొర. అదీ ఊడి వచ్చింది.

"జిగురు పోగులకు పోనేలేదు," అన్నాడు. "మీద మీదనే ఆగింది. ఏం పూసిండ్రు దీనికి?"

"గంజి పెట్టినమన్నా," అన్నది సింధూజ. "నూనె చుక్క ఏసి. నూగు లేస్తాందని."

అతను ఊడిన పొరను మళ్లీ దాని చోటనే అద్దాడు. కోప్పడితే బాగుండుననిపించింది ఆమెకు.

"మా ఇంట్ల ఎవలన్న నేస్తుంటే నాకు యాదికొచ్చేది," అన్నాడు చివరికి. "నేనే చెప్పకపోతిని. ఉతికినా ఆ నూనె పోదు, నేత గూడ సాగిపోతది. మళ్ల నెయ్యాలె చెల్లె. గంజి లేకుంట."

"పిల్ల ఉన్నదన్నా ఇంట్ల."

"ఎరుకే. మగ్గం ఈడికి తెద్దామని పెద్దసారును అడిగిన. గచ్చు పగలగొట్టి గుంట తవ్వుడు నడువదన్నడు, చెయ్యి పాసయినంకనే ఏమన్నా అన్నడు. బెంగుళూరోళ్లు వచ్చే నెల వస్తరు. అతుకు లేని చెయ్యి చూపియ్యకపోతే గీ షెడ్డు ఉండది. నువ్వుండవు, నేనుండ." తల ఎత్తి ఆమె ముఖం చూడలేకపోయాడు. "ఒక్క పడుగు. మామకు చెప్పు."

"చెప్త," అన్నది సింధూజ.

*

ఇంటికొచ్చి చెప్పింది. విరిగిన సంగతి, పొరలు ఊడిన సంగతి, గంజి సంగతి. మార్కండేయ గుంటలో కాళ్లు వేలాడేసుకుని విన్నాడు.

"నా చెయ్యి వణికి నేత సడలిందేమో అనుకున్న," అన్నాడు.

"నేత మంచిగనే ఉన్నది మామా. గంజే."

"అయితే గంజి లేకుంట నేస్త. కొత్త పడుగు ఎక్కించే ఉన్నది గద."

అది మొన్ననే ఎక్కించిన పడుగు, ఇంకా గంజి తగలనిది. సింధూజ అవునని అనాలి. షెడ్డులో చెప్తానన్న మాట అదే. పెద్దాయన వేళ్లు అప్పటికే పోగుల మీద పాకుతున్నాయి. ఆ పని తీసేస్తే ఆయన దగ్గర ఏముంది? ఇల్లు నడవడానికి తన పని తప్ప ఇంకేముంది? తొట్టెలో పిల్ల కాళ్లు పైకెత్తి తన వేళ్లతో తానే ఆడుకుంటోంది.

సింధూజ లేచింది. గూట్లో దాచిన దారం ముక్కలు తీసింది. పిల్లను అత్త చేతికిచ్చి బయటికి పంపి, ఖాళీ తొట్టె తాళ్లకు, దూలానికి, గుంజలకు ఒక్కొక్కటే అంటించింది.

"నెయ్యి మామా," అన్నది.

టక్. టక్. టక్.

దారాలన్నీ అటే తిరిగాయి. ఈసారి వాటి వెంట నల్లటి నూగు ఎండ చారలోంచి నడిచిపోవడం కూడా కనిపించింది. తొట్టె మీద గుండ్రంగా తిరిగి, లోపలి తెల్ల గుడ్డ మీద మెత్తగా వాలింది. జీవితమంతా దారాన్ని చూసి బతికిన మనిషికి ఇంకొకరు విడమర్చి చెప్పనక్కర లేదు. పన్నె మీద ఆయన చెయ్యి ఆగిపోయింది.

"శ్రవణ్‌గానికి గూడ గిట్లనే ఊపిరాడకపాయె," అన్నాడు.

సింధూజ దారాలు పీకేసి వంటకు కూర్చుంది. తను నోటితో అడగలేనిది దారాలతో అడిగించానని ఆమెకు తెలుసు. పొయ్యి పొగ వంక పెట్టుకుని కొంగుతో కళ్లు తుడుచుకుంది.

మరునాడు షెడ్డు నుంచి వస్తుంటే వీధి మొదట్లోనే ఆమె ఆగింది. చప్పుడు లేదు. ఆ వేళప్పుడు ఎప్పుడూ ఇంటికంటే ముందు మగ్గం చప్పుడు ఎదురొచ్చేది.

లోపల లక్ష్మీనర్సమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. మార్కండేయ గుంటలోనే ఉన్నాడు. ఆయన పక్కన కత్తెర. మగ్గం మీది నల్లటి పడుగు అడ్డంగా కోసేసి ఉంది. పిల్లను వీధిలో ఉంచి పొద్దుటి నుంచి నేసినంత మేర చుట్ట చుట్టి, నూగు రాలకుండా ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి కట్టాడు. తెగిన కొసలు ఆయన కళ్ల ముందర వేలాడుతున్నాయి.

సగం నేసిన పడుగును ఆ ఇంట్లో ఎన్నడూ కొయ్యలేదు. పాత పడుగు కొసలకే కొత్త పడుగు కొసలు పురిపెట్టి అతుకుతారు. అట్లా తాత నాటి పోగు నుంచి ఈనాటి పోగు దాకా ఎక్కడా తెగకుండా వచ్చింది. నల్లటి పోగును కూడా ఆయన పాత నూలు కొసలకే అతికాడు.

"కొడుకు పోయిననాడు గూడ కొయ్యలె," అన్నది అత్త, గోడకే చెప్తున్నట్టు. "మూడు దినాలు బట్ట కప్పి ఉంచినం గని కొయ్యలె."

"నోరు మూస్తవా ఇగ," అన్నాడు మార్కండేయ. కోడలి వైపు చూడకుండా సంచి జరిపాడు. "గిది మీ సారుకియ్యి. పనికొస్తే పనికొస్తది."

"మామా..."

"పొల్లకు పాలు పట్టు పో బిడ్డా. ఆకలైతాంది దానికి."

*

పరమేశ్వర్ సంచి మీది నుంచే గుడ్డ పొడుగు కొలిచి చూశాడు. సగం గొట్టంతో సగం చెయ్యే అవుతుంది. మళ్లీ మిల్లు గుడ్డనే తెప్పించి, అచ్చు చుట్టూ చుట్టి, కొస మీద కొస వేసి అతికించారు. సింధూజే జిగురు పూసింది, సింధూజే ఆరినాక గరుకు కాగితంతో అతుకును రుద్దింది. ఎంత రుద్దినా గట్టు గట్టులానే ఉంది. ఇంకా రుద్దితే పోగులు తెగుతాయి.

మళ్లీ దారాలు అంటించింది. పంకా వేశారు. అతుకు దాకా దారాలు బుద్ధిగా పడుకున్నాయి. అతుకు దాటగానే పిచ్చెక్కినట్టు తిరిగాయి.

"కోణం జర మారుస్త," అన్నాడు పరమేశ్వర్. "అతుకును కిందికి తిప్పుత. లేచేటప్పుడు తక్కువ తగుల్తది." ఆ మాట అతనికే నమ్మకంగా వినిపించలేదు. బెంగుళూరు వాళ్లు వచ్చారు, చూశారు, ఫోటోలు తీసుకున్నారు, చెప్తామని పోయారు. చెప్పలేదింకా. పైకప్పు రేకు చీలిక అట్లాగే ఉంది. వాన పడితే సింధూజ దాని కింద బకెట్టు పెడుతోంది.

మార్కండేయ గుంట మీద చెక్కలు పరిచి, కంకర మిషను కాడ కాపలా పనికి కుదిరాడు. గేటు తీయాలి, లారీ పోయాక మూయాలి. సాయంత్రం బూడిద రంగు మనిషై వస్తాడు. కనుబొమలు, చెవుల వెంట్రుకలు అన్నీ రాతిదుమ్ము. లోపలికి రాడు. అరుగు దగ్గర బకెట్టు నీళ్లతో తల నుంచి కడుక్కుని, బట్టలు మార్చి, అప్పుడు గానీ పిల్లను పిలవడు. "తాతా" అని మోక్షిత ముందే ఉరికి వస్తే చేతులు వెనక్కి పెట్టుకుని "ఆగు, ఆగు బిడ్డా, తాత గలీజున్నడు" అని దూరం జరుగుతాడు.

ఒక ఆదివారం సాయంత్రం పిల్ల తొట్టెలో నిద్రపోయింది. ఇంట్లో ఏ చప్పుడూ లేదు. చెక్కలు కప్పిన గుంట మీద అత్త ఉల్లిగడ్డలు ఆరబోసింది. తొట్టె తాడుకు ఆనాటి దారం ఒకటి ఇంకా అంటుకుని ఉంది, పీకడం మరిచిపోయింది. అది నిలువుగా, నిమ్మళంగా వేలాడుతోంది. ఎటూ చూపించడం లేదు.

సింధూజ దాన్ని మెల్లగా పీకింది. వంగి, పిల్ల ముక్కు ముందర పట్టుకుంది. దారం కదిలింది. ఆగింది. మళ్లీ కదిలింది. ఈల లేదు, ఎగశ్వాస లేదు. ఆమె అట్లాగే వంగి, ఇంకొకసారి, ఇంకొకసారి చూసుకుంది.

అరుగు మీద దగ్గు వినిపించింది. ఎండిన, తెగని దగ్గు. మామ బట్టలింకా మార్చలేదు.

సింధూజ చేతిలో దారం అటు తిరిగింది.